నా వాగ్దానం అడిగినవాడు

సహోదరులారా, సహోదరీలారా, ఆ శనివారం పొద్దున గద్వాల అవతల ఒక పత్తి చేనులో నేను ఫోను ముందు పెట్టుకుని మోకాళ్ల మీద కూలబడి ఉన్నాను. నాతో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్ల రెండు నెలల కష్టం ఆ ఫోనులో ఉంది, ఆ ఫోనులోంచే ఒక మనిషి దేవుని పేరు చెప్పి నన్ను బెదిరిస్తున్నాడు, నేనేమో వాడిని దేవుని సేవకుడే అనుకుని "క్షమించుండ్రి అయ్యా, క్షమించుండ్రి" అని ఏడుస్తున్నాను! ఇంకొక్క మాట నా నోటి నుంచి జారి ఉంటే నేను మా ఊళ్లో మళ్లీ తలెత్తుకుని తిరిగేదాన్ని కాదు. ఆ చీకట్లోంచి దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో చెప్పమని పాస్టరుగారు అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, నన్ను నేను మంచిదాన్నని చూపించుకోను.

నా పేరు సంతోషమ్మ. మాది తిమ్మాజిపేట మండలంలో ఒక చిన్న ఊరు, మా అవ్వల కాలం నుంచి కూలి చేసుకుని బతికినవాళ్లం. మా ఆయన బొంబాయిలో పెద్ద పెద్ద కట్టడాల మీద పని చేస్తాడు. నేను ఏటా శ్రావణంలో ఆడవాళ్ల గుంపును కట్టుకుని గద్వాల వైపు సీడు పత్తికి పోతాను, దసరా ముందు తిరిగి వస్తాను. గుంపుకు మేస్త్రిని నేనే. నా నోరు ఎలాంటిదో మీలో సగం మందికి తెలుసు, మిగతా సగం మంది నా చేత ఎప్పుడో ఒకప్పుడు తిట్లు తినే ఉంటారు. నవ్వకండమ్మా, నిజమే కదా!

సీడు పత్తి పని తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. సాయంత్రం పూట మొగ్గను ఒలిచి లోపలి పుప్పొడి తీసేసి గుర్తు పెడతాం, తెల్లారి మగ సాలులో విచ్చిన పువ్వు తెంపి ఆ ఒలిచిన మొగ్గకు ఒక్కొక్కదానికి తాకిస్తాం, దాన్నే క్రాసింగు అంటారు. ఇదంతా ఎండ ముదరకముందే కావాలి. పొద్దెక్కితే పువ్వు వాడిపోతుంది, ఆ మొగ్గకు కాయ పట్టదు, రైతుకు ఆ రోజు పంట పోయినట్టే. అందుకే క్రాసింగు వేళ మనిషికి ప్రాణం మీదికి వచ్చినా చేను విడిచి పోనివ్వరు, నేనే పోనివ్వను. కడుపునొప్పి అన్నవాళ్లను కూడా "పన్నెండు గొట్టినంక ఏడువు" అని కసిరినదాన్ని.

మా కూలి పని ముగిసేటప్పుడు ఒక్కసారే ఇస్తారు. ఈ ఏడు రైతు నగదు లేదు, ఫోనులో వేస్తానన్నాడు. మా ఆడవాళ్లేమో, మా ఖాతాల్లో పడితే పాత పొదుపు సంఘం అప్పు కింద బ్యాంకు పట్టుకుంటుందేమోనని భయపడి, "సంతోషమ్మా, అందరిదీ నీ ఖాతల్నే ఏపియ్యి, నువ్వు ప్రార్థన చేసేదానివి, ఒకరి సొమ్ము ముట్టవు" అన్నారు. మా గుంపులో పది మంది చర్చి ముఖం చూడనివాళ్లు, అయినా వాళ్లే ముందు అన్నారు ఆ మాట. నాకు ఎంత గర్వమయిందో! ఆ గర్వంతోనే సరేనన్నాను.

ఇక నా ఫోను రహస్య నంబరు సంగతి. కొత్త సంవత్సరం ఆరాధనలో మన దగ్గర వాగ్దానపు చీటీల డబ్బా తిప్పుతారు, తలా ఒక చీటీ తీస్తాం, దాని మీది వాక్యమే ఆ ఏడాదంతా దేవుడు మనకిచ్చిన మాట అని పట్టుకుంటాం. మనలో చాలామందికి ఫోనులో డబ్బు పంపే నంబరు గుర్తుండదు, ఏ గోడ మీదో బొగ్గుతో రాసుకునేవాళ్లం. అందుకని పాస్టరమ్మగారు మంచి మనసుతోనే ఒక ఉపాయం చెప్పారు, మీ వాగ్దానం అధ్యాయం, వచనం కలిపితే నాలుగు అంకెలవుతాయి, తక్కువైతే ముందు సున్నా వేసి అదే పెట్టుకోండి, దేవుని మాట ఎట్లా మరుస్తారు అన్నారు. అందరం అలాగే పెట్టుకున్నాం. అందరి వాగ్దానాలూ ఇళ్లల్లో గోడలకు అంటించి ఉన్నాయి, ఫోనులో ఫోటోల కింద రాసి ఉన్నాయి, సాక్ష్యాల్లో చదివి వినిపించాం! అంటే ఇనప్పెట్టెకు తాళం వేసి తాళంచెవి వాకిట్లో దండెం మీద వేలాడదీసినట్టే కదా. ఒక్కరికీ తోచలేదు, పాస్టరమ్మగారికీ తోచలేదు, నాకైతే తోచనే లేదు.

నాది మాత్రం గోడకు అంటించలేదు. ఎందుకంటే నాకు ఆ వాగ్దానం మీద కోపం. పక్కన కూర్చున్న మా వదినకు విస్తారంగా దీవిస్తాను, నీ కొట్లు నింపుతాను అనే మాట వచ్చింది. నా చీటీలో ఏముంది? నా నోటికి కాపలా పెట్టు ప్రభువా అని భక్తుడు చేసుకున్న ప్రార్థన ఉంది! అది చూసి నా ఒళ్లు మండింది. డబ్బాలో అన్ని చీటీలుంటే నాకు ఇదే దొరకాలా, దేవుడు కూడా ఊరివాళ్లతో కలిసి నన్ను ఎత్తిపొడుస్తున్నాడా అనుకుని దాన్ని మడిచి సంచిలో దాచాను. ఎవరు అడిగినా మాట తప్పించాను. నంబరు మాత్రం దానిదే పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ మనిషి సంగతి. మన సంఘం ఫోను గుంపులో ఎండాకాలంలో ఎవరో ఒక సహోదరుణ్ణి చేర్చారు, ఎవరు చేర్చారో ఈరోజు వరకు తేలలేదు. పావురం బొమ్మ పెట్టుకున్నాడు. తెల్లారి నాలుగున్నరకే గొంతు సందేశం పంపేవాడు, ఏమి గొంతు సహోదరీలారా, తేనె పోసినట్టుండేది! ప్రార్థన అవసరాలు చెప్పండమ్మా అంటే అందరం చెప్పుకున్నాం. నేనైతే రోజూ ఫోను చేసి చెప్పుకున్నాను, మా ఆయన పన్నెండో అంతస్తులో పని చేస్తాడనీ, మా గుంపులో నీలమ్మ అనే పిల్ల భర్త అదే కట్టడం మీది నుంచి పడి కాలు విరిగిందనీ, సోమవారం పాలమూరులో కాలికి రాడ్డు వేస్తారనీ, ఆ ఖర్చుకు ఈ కూలి డబ్బే ఆధారమనీ, ఏదీ దాచలేదు. కన్నతల్లికి కూడా అంత చెప్పి ఉండను. కూలి పడడానికి రెండు మూడు రోజుల ముందు వాడు "ప్రార్థన యాప్" అని ఒకటి పంపాడు, పెట్టుకోండమ్మా, గంట గంటకూ వాక్యం వస్తుంది అన్నాడు. పెట్టుకున్నాను. అది ఏవేవో అడుగుతుంటే చదవకుండా అన్నింటికీ ఓకే, ఓకే అని వత్తుకుంటూ పోయాను.

శుక్రవారం సాయంత్రం కూలి పడింది. నా నోరు ఊరుకుంటుందా? వెంటనే సంఘం గుంపులో గొంతు పెట్టాను, "దేవునికి స్తోత్రం, మా పద్నాలుగు మంది కూలి ఒక్కసారే నా ఖాతల పడ్డది, ఆదివారం వస్తున్నం, అందరు ప్రార్థన చేయుండ్రి" అని. ఊరంతా చాటింపు వేసినట్టు వేశాను!

తెల్లవారి శనివారం. అదే ఆఖరి క్రాసింగు. పువ్వు బాగా విచ్చింది, అందరం సాళ్లలో వంగి ఉన్నాం, నా చేతులనిండా పసుపురంగు పుప్పొడి. ఫోను మోగింది. సహోదరుడు! కొంగుతో వేలు తుడుచుకుని స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచి, పని చేస్తూనే విన్నాను. మా ఆయన పేరెత్తి ప్రార్థించాడు, నీలమ్మ భర్త కాలు ముట్టుమని ప్రార్థించాడు, నాకు కన్నీళ్లు ఆగలేదు. ప్రార్థన అయ్యాక, "అమ్మా, ఈ సంవత్సరం మీ వాగ్దానం ఏది? అధ్యాయం, వచనం చెప్పండి, దాన్ని పట్టుకుని ఏడు రోజులు ఉపవాసం ఉంటాను" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అంతటి సేవకుడికి నా నోటికి కాపలా అని ఎట్లా చెప్పను? నేనెంత నోటిదురుసుదాన్నో తెలిసిపోదా? అందుకని మా వదిన వాగ్దానం చెప్పేశాను, నాదే అన్నట్టు. సహోదరులారా, దేవుని సేవకుడని నేను నమ్మిన మనిషికి అబద్ధం చెప్పాను! ఆయన హల్లెలూయ అని పెట్టేశాడు. నేను మళ్లీ సాలులో వంగాను.

పది మొగ్గలు తాకించానో లేదో, మళ్లీ ఫోను. ఈసారి గొంతులో తేనె లేదు. "అమ్మా, మీరు నాకు అబద్ధం చెప్పారు. నేను ప్రార్థనలో ఉండగా అది మీ వాగ్దానం కాదని ఆత్మ నాకు బయలుపరిచాడు. సేవకుని ముందు అబద్ధమాడినవాళ్లు నిలుచున్నచోటే ఎలా పడి చచ్చారో బైబిల్లో విన్నారు కదా!"

నేను అబద్ధం చెప్పిన సంగతి ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు, మరి ఈయనకు ఎట్లా తెలిసింది? నిజంగా దేవుడే చూపించాడు! నేను ఇక్కడే పడి చస్తాను, నన్ను ఈ పత్తి సాళ్లలోంచి మోసుకుపోతారు అనుకుని మోకాళ్ల మీద పడ్డాను, మొదట చెప్పానే, ఆ ఏడుపు అప్పుడే. ఆయన "చెప్పండి, ఇప్పుడే ఒప్పుకోండి, నిజమైన వాగ్దానం చెప్పండి, ఆలస్యం చేస్తే మీ ఇంటి మీదికి వస్తుంది" అని తరుముతున్నాడు. నేను చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా.

పక్క సాలులో అనంతమ్మక్క ఉంది. గుంపులో అందరికన్నా పెద్దది, నా నోటికి నోరు బదులిచ్చేది ఆమె ఒక్కతే, వాళ్ల ఇంట్లో ఎల్లమ్మను కొలుస్తారు, చర్చి గడప తొక్కలేదు. స్పీకరులో మాటలన్నీ విన్నట్టుంది. పువ్వుల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి నన్ను కసిరింది.

"ఏందే నీ ఏడుపు? పువ్వు వాడుతుంటే గీ ముచ్చటేంది?"

"అక్కా, అయ్యగారికి దేవుడు జెప్పిండు, నేను అబద్ధమాడిన అని."

ఆమె ఫోను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "నువ్వు అబద్ధమాడినవని జెప్పిన దేవుడు, నిజమేందో గదొక్కటి జెప్పలేదా? గంత దూరం జెప్పెటోనికి గా ఒక్క ముక్క జెప్పనీకి నోరు రాలేదా?"

సహోదరులారా, ఆ మాట నా నెత్తి మీద చల్లటి నీళ్లు కుమ్మరించినట్టయింది. పాతికేళ్లుగా వాక్యం వింటున్నదాన్ని నేను, ఒక్క వాక్యం విననిది ఆమె, కానీ ఆ క్షణాన ఆమె నోట పలికింది ఎవరో నాకు తెలుసు! ఫోను పెట్టేశాను. పెట్టేశాక మళ్లీ భయం, ఒకవేళ నిజంగా సేవకుడే అయితే? నేను దేవుని మనిషి ముఖం మీద ఫోను పెట్టేశానా? అటు పోలేను, ఇటు పోలేను.

ఫోను మళ్లీ మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. మధ్యలో ఇంగ్లీషులో ఏవో సందేశాలు. నీలమ్మ పదో తరగతి చదివింది, ఆమెను కేకేసి చదవమన్నాను. చదువుతుంటేనే ఆ పిల్ల ముఖం తెల్లబడింది. "అక్కా, నీ ఖాతను ఎవరో వేరే ఫోన్ల ఎక్కించుకున్నరు. రహస్య నంబరు రెండుసార్లు తప్పు గొట్టిండ్రంట. ఇంకొక్కసారి తప్పు గొడితే ఒకరోజు బందయితదని ఉంది."

అప్పుడు అర్థమయింది నాకు. వాడికి ఆత్మా లేదు, బయలుపాటూ లేదు. మన వాగ్దానాలే మన నంబర్లని సంఘం ఫోను గుంపులో మన మాటల్లోనే పట్టుకున్నాడు. నేను చెప్పిన వదిన వాగ్దానాన్ని అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి కొట్టి చూశాడు, తలుపు తెరుచుకోలేదు, అందుకే నాది అబద్ధమని తెలిసింది! మూడోసారి తప్పితే మూసుకుపోతుందని మళ్లీ నా మీదికే వచ్చాడు.

"నువ్వే ఒకసారి తప్పు కొట్టక్కా, బందయితే వాడు కూడ ఏం జెయ్యలేడు" అంది నీలమ్మ. నా ఫోనులోనే డబ్బు పంపేది తెరిచి, పుప్పొడి వేళ్లతో నాలుగు సున్నాలు కొట్టాను. బంద్ అయింది. ఒక్కరోజుకు! ఆ తర్వాత? వాడి చేతిలో నా ఖాతా అలాగే ఉంది. ఆ రోజే బ్యాంకుకు పోవాలి. శనివారం. రెండో శనివారమో నాలుగోదో అయితే బ్యాంకు మూసి ఉంటుంది, మాకు ఆ చేనులో తారీఖులు ఎక్కడ గుర్తు, ఫోనులో చూడవచ్చని ఆ కంగారులో తోచనే లేదు.

అప్పుడు నేనేం చేశానో చెబుతాను, దాచను. "ప్రభువా, నా పేరు కాపాడు తండ్రీ, ఈ సంగతి ఎవ్వరికి తెల్వనియ్యకు" అని ప్రార్థించాను. డబ్బు కాపాడు అని కూడా కాదు, నా పేరు కాపాడు అని! నీలమ్మ చెయ్యి పట్టుకుని గుసగుసగా చెప్పాను, కడుపునొప్పి అని చెబుదాం, దవాఖానకని పోదాం, ఎవరితోనూ అనకు అన్నాను. ఆ పిల్ల చెయ్యి విడిపించుకుంది.

"నేను రాను అక్కా. గది నీ పైసలు కాదు, మా అందరియి. చెప్పకుంట పోయినంక పైసలు పోయినయంటే, నువ్వే తిన్నవంటరు. నేను గూడ అంటనేమో."

నాలుగేళ్లుగా నా వెనక తిరిగిన పిల్ల ఆ మాట అంది. కోపం వచ్చింది, ఆ వెంటనే దుఃఖం వచ్చింది, ఎందుకంటే ఆ పిల్ల అన్నది నిజం. గట్టెక్కి నిలబడి కేక వేశాను, అందరూ నడుములెత్తారు. నా జన్మలో అంత కష్టమైన మాటలు మాట్లాడలేదు. "మీ కూలి నా ఖాతల ఉంది గద. దొంగోడు దాంట్ల చెయ్యి పెట్టిండు. వానికి ఇంటి ముచ్చట్లన్ని నేనే జెప్పిన, పైసలు పడ్డయని నేనే చాటిన, వాడు పంపింది నేనే ఫోన్ల పెట్టుకున్న. ఇప్పటికి పైసలు ఉన్నయో లేవో నాకు తెల్వదు. బ్యాంకుకు పోత. తప్పు నాదే."

ఒకామె డబ్బా నేలకేసి కొట్టి "నీ ప్రార్థనలు మన్నుగాను, మా నోట్ల మట్టి కొట్టినవు గదనే" అని ఏడ్చింది. నేను బదులు చెప్పలేదు, నేను బదులు చెప్పకపోవడం నా గుంపు మొదటిసారి చూసింది. అటునుంచి రైతు ఉరికి వచ్చాడు, "మేస్త్రివి నువ్వే పోతే ఎట్ల? ఈ పూట పువ్వు పోతే నేను మునుగుత" అన్నాడు. అనంతమ్మక్క అడ్డం వచ్చి, "ఆమె సాలు, ఈ పిల్ల సాలు మేం తాకిస్తం. నువ్వు బండి తీసి వాళ్లను రోడ్డుకు దించు పటేలా. ఒర్రుడు ఏడ్సుడు మాపటికి పెట్టుకుందాం" అంది. ఏడ్చిన ఆమె కూడా కళ్లు తుడుచుకుని వంగింది.

షెడ్డులోంచి నా పాసుపుస్తకం తీసుకుని బయలుదేరాం, రోడ్డు మీద ఆటో దొరికింది. ఇది ఎన్నో శనివారమని డ్రైవరును అడిగితే, మొదటిదో రెండోదో తనకూ తెలియదన్నాడు! ఆ దారి ఎంత పొడుగయిందో! సగం దారిలో వాడి గొంతు సందేశం వచ్చింది. విననని అనుకుంటూనే విన్నాను. "నీ భర్త పన్నెండో అంతస్తు మీద నిలబడి ఉన్నాడు కదమ్మా. కాలు జారడానికి ఎంతసేపు? ఇప్పటికైనా నిజం చెప్పు, నా చెయ్యి అడ్డం పెడతాను."

నేను ప్రార్థన అవసరమని చెప్పుకున్నదే కత్తి చేసి నా మెడ మీద పెట్టాడు. నీలమ్మ భర్త పడింది ఆ కట్టడం మీది నుంచే. దొంగ అని తెలుసు, అయినా నీలమ్మ ఫోను తీసుకుని మా ఆయనకు చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. నాలుగు అంకెలు చెబితే పోతుంది కదా, డబ్బు పోతే పోనీ, మనిషి బతకాలి కదా అని ఒక ఆలోచన, ఆ డబ్బు నీదా అని ఇంకో ఆలోచన. నా పక్కన నీలమ్మ కూర్చుని ఉంది, తన భర్త కాలు నా ఫోనులో ఉంది, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ప్రార్థించాను, ఈసారి పైకే, ఆటోవాడు వెనక్కి తిరిగి చూసినా సరే. "తండ్రీ, నా పేరు పోతే పోనీ, నన్ను అందరు ఉమ్మేసినా సరే. ఈ పిల్ల మొగని కాలు నిలబెట్టు. నా మొగని ప్రాణం నీ చేతిల ఉంది, వాని చేతిల లేదు. నేను వానికి భయపడను, నువ్వే నన్ను పట్టుకో!" ఆమెన్ అని, ఫోను పూర్తిగా ఆర్పేసి కొంగున ముడి వేశాను. భయం పోయిందని చెప్పను, అబద్ధమవుతుంది. భయంతోనే కూర్చున్నాను, కానీ ఇక ఫోను తెరవాలనిపించలేదు.

బ్యాంకు తెరిచి ఉంది! దేవునికే మహిమ! వరుసను తోసుకుని వెళ్లి అద్దం కొట్టాను, అందరూ అరిచారు, బ్యాంకు మేడం కోపంగా తలెత్తి నా పుప్పొడి చేతులు చూసి, ఏమైందమ్మా అంది. జరిగిందంతా నీలమ్మ చెప్పింది. మేడం కంప్యూటరులో చూస్తున్నంతసేపూ నేను ఆమె ముఖమే చూస్తున్నాను. చివరికి అంది, "డబ్బు ఉందమ్మా. పైసా కదల్లేదు. అతని దగ్గర నంబరు ఒక్కటే లేదు, అది కూడా చెప్పి ఉంటే నిమిషంలో ఊడ్చేవాడు." నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను, వరుసలో నన్ను తిట్టిన ముసలాయనే లేచి మంచినీళ్లు ఇచ్చాడు. మేడం వాడి ఫోనులోంచి నా ఖాతాను తెంపించింది, నా ఫోనుకు వచ్చే సందేశాలన్నీ వాడికి చేరవేసిన ఆ ప్రార్థన యాపును తీయించింది, సర్కారు సైబరు నంబరుకు ఫిర్యాదు రాయించింది, పాసుపుస్తకం మీద అందరి కూలీ నగదుగా ఇప్పించింది. సాయంత్రం మా ఆయన ఫోను చేశాడు. "కాంక్రీటు మిషిను చప్పుడుల రింగు ఇనరాలే, ఏమాయెనే?" అన్నాడు. "ముందు కిందికి దిగినవా?" అని అడిగాను.

ఇక్కడ ఒక మాట తేటగా చెప్పాలి. నేను అబద్ధమాడబట్టే బతికానని మీలో కొందరు నవ్వుకుంటున్నారు, నాకు కనబడుతోంది! ఆ అబద్ధానికి నేను స్తోత్రం చెప్పను, అది నా సిగ్గులోంచి పుట్టింది. నా నోటికి కాపలా కావాలని జనవరిలోనే దేవుడు చెప్పాడు, నేను చీటీ మడిచి దాచాను. నేను పెట్టుకోని కాపలాను ఆయనే పెట్టాడు, అది కూడా గుడి మెట్లెక్కే అనంతమ్మక్కను పెట్టాడు. ఆ వారమే పాస్టరుగారు ఆ మనిషిని ఫోను గుంపులోంచి తీసేసి ఒక్కొక్కరినీ విచారిస్తే, మన సంఘంలోనే ఆరుగురు వాడికి తమ వాగ్దానం అప్పటికే చెప్పి ఉన్నారు. ఆ ఆరుగురూ నంబర్లు మార్చుకున్నారు, నేనూ మార్చుకున్నాను, కొత్తది ఏదని అడగకండి, పాస్టరుగారు అడిగినా చెప్పను!

ఆ శనివారమే, పొద్దు ఉండగానే చేనుకు తిరిగి వచ్చాం. నా సాలు, నీలమ్మ సాలు ఒక్క మొగ్గ మిగలకుండా తాకించి ఉన్నాయి. షెడ్డు ముందు కూర్చుని ఎవరి కూలి వాళ్ల చేతిలో పెట్టాను. నీలమ్మ తనది రవికలో పెట్టుకుని సంచి సర్దుకుంది. సోమవారం రాడ్డు వేశారు, ఇప్పుడు ఆ అబ్బాయి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, దేవునికి స్తోత్రం. నన్ను తిట్టిన ఆమె తీసుకుని, లెక్క చూసుకుని, నా ముఖం చూడకుండా లోపలికి పోయింది. నేను ఆమె స్థానంలో ఉంటే ఇంకా ఎక్కువే అని ఉండేదాన్ని. అనంతమ్మక్క మాత్రం తన డబ్బు తీసుకుని, కొంచెంసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ నా ఒడిలో పడేసింది.

"ఇంటికి తీస్కపోతే మా ఆయన రెండు రోజులల్ల తాగేస్తడు. యాసంగి పంట దాక నీ తాన్నే ఉండనియ్యి" అంది.

"అక్కా, పొద్దున ఏమయిందో చూసినవు గద. నన్నెట్ల నమ్ముతవు?" అన్నాను.

"పైసలు పోతుండె అని నువ్వే గట్టెక్కి జెప్పినవు గద" అంది. అని అన్నం వండటానికి పోయింది.

సహోదరులారా, సహోదరీలారా, నా పేరు కాపాడమని నేను అడిగిన ప్రార్థన దేవుడు వినలేదు, నేను ఆ పేరును అందరి ముందు గట్టు మీద పోగొట్టుకునేదాకా ఊరుకున్నాడు, ఆ తర్వాతే ఒక పేదరాలి చేతి మీదుగా తిరిగి ఇచ్చాడు. మీలో ఎవరైనా ఇలాంటి ఉచ్చులో పడి, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతుంటే, ఈరోజే లేవండి. ముందు బ్యాంకుకు పోండి, ఆ తర్వాత ఎవరి సొమ్ము మీ చేతిలో ఉందో వాళ్ల దగ్గరికి పోండి. ప్రభువును నమ్మి నిజం చెప్పండి, ఆయన మిమ్మల్ని ఒంటరిగా నిలబెట్టడు. అనంతమ్మక్క కూలి ఇప్పటికీ నా దగ్గరే ఉంది.